రెండో ఆపరేషన్‌కు ముందు మొదటిదాని సంగతి తేల్చండి

అధ్యక్షులకు, వేదిక మీద ఉన్న వైద్యులకు, ఎదురుగా కూర్చున్న మీకందరికీ నమస్కారం. నా గురించి ఇప్పుడు చేసిన పరిచయంలో ముఖ్యమైనది ఒక్కటే. నేను నర్సును. బరువు తగ్గించే ఆపరేషన్లు జరిగే విభాగంలో పనిచేశాను. కొంతకాలం థియేటర్‌లో, ఆ తర్వాత చాలాకాలం ఆపరేషన్ అయినవాళ్లు తిరిగి చూపించుకోవడానికి వచ్చే క్లినిక్‌లో ఉన్నాను. థియేటర్‌లో ఉన్నప్పుడు మనుషుల కడుపులు చూశాను. క్లినిక్‌కు వచ్చాకే వాళ్ల ముఖాలు చూశాను.

నాకు ఇచ్చిన అంశం 'రెండోసారి శస్త్రచికిత్స: లాభనష్టాలు'. దాని ప్రకారమే కాగితం రాసుకుని వచ్చాను. అయితే ఉదయం నుంచి ఈ హాల్లో మీతో మాట్లాడుతుంటే, వేరే మాట ముందు చెప్పకపోతే లాభనష్టాల లెక్క ఎవరి చెవికీ ఎక్కదనిపించింది.

ఇక్కడున్నవాళ్లలో చాలామందిది ఒకే కథ. ఆపరేషన్ అయింది. మొదటి ఏడాది బరువు చకచకా దిగింది. బట్టలు వదులయ్యాయి. కనిపించిన ప్రతివాళ్లూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత బరువు దిగడం ఆగింది, కొన్నాళ్లకు మళ్లీ పెరగడం మొదలైంది. అప్పుడు మెచ్చుకున్నవాళ్లే "అంత పెద్ద ఆపరేషన్ చేయించుకుని కూడా..." అని వాక్యం సగంలో ఆపేస్తారు. మిగతా సగాన్ని మీరు రాత్రంతా పడుకుని పూర్తి చేసుకుంటారు. తెల్లారేసరికి రెండో ఆపరేషన్‌కు సిద్ధమైపోతారు.

అలా సిద్ధపడవద్దని చెప్పడానికే వచ్చాను. రెండో ఆపరేషన్ వద్దని నేను అనడం లేదు. అది అవసరమైనవాళ్లు ఉన్నారు, దానివల్ల బాగుపడ్డవాళ్లను నా చేతులతో ఇంటికి పంపాను. సిగ్గుతో మాత్రం దానికి ఒప్పుకోకండి. మొదటి ఆపరేషన్ ఫలితం ఎందుకు అలా వచ్చిందో తేలకుండా రెండోదానికి తేదీ తీసుకోకండి.

మొదట, 'ఫలితం రాలేదు' అనడానికి కొలత ఏమిటి? శస్త్రవైద్యులు చాలాకాలంగా వాడిన లెక్క ఒకటుంది. ఉండవలసిన బరువు కంటే ఎక్కువగా ఉన్న భాగంలో సగం తగ్గితే ఆపరేషన్ ఫలించినట్టే. 130 కిలోల మనిషి ఉండవలసిన బరువు 70 అనుకోండి. అదనంగా ఉన్నది 60. అందులో 30 కిలోలు తగ్గి ఆ మనిషి 100 కిలోల దగ్గర నిలిస్తే, వైద్యుల పుస్తకంలో అది ఫలించిన ఆపరేషన్. ఆ మనిషి మాత్రం అద్దంలో చూసుకుని ఓడిపోయానని ఏడుస్తూ ఉంటుంది. ఈ లెక్కను ఆపరేషన్‌కు ముందే కూర్చోబెట్టి చెప్పినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, వైద్యులారా, ఎన్ని చేతులు లేచాయో చూడండి.

కొంత బరువు తిరిగి రావడం కూడా శరీరం నడిచే తీరులోనే ఉంది. స్వీడన్‌లో 1987లో మొదలై ఏళ్ల తరబడి సాగిన పెద్ద అధ్యయనంలో, గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే కడుపును చిన్న సంచిగా చేసి, పేగులో కొంత భాగాన్ని తప్పించి కలిపే ఆపరేషన్, చేయించుకున్నవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున తమ బరువులో 32 శాతం తగ్గారు. పదేళ్లు గడిచాక చూస్తే ఆ తగ్గుదల 25 శాతం దగ్గర ఉంది. అంటే చక్కగా ఫలించిన ఆపరేషన్‌లో కూడా కొంత వెనక్కి వచ్చింది. బరువు తగ్గిన శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలిని పెంచుతుంది. పోయినదాన్ని తిరిగి రాబట్టుకోవాలని చూస్తుంది. దానికి మీ క్రమశిక్షణతో పేచీ లేదు, ప్రాణం నిలుపుకోవడమే దానికి తెలుసు.

ఇక కాగితం పక్కన పెట్టి మా చెల్లెలి సంగతి చెబుతాను. ఆమె అనుమతితోనే చెబుతున్నాను.

మా చెల్లెలు స్లీవ్ చేయించుకుంది. కడుపులో ముప్పావు వంతుకు పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా మిగిల్చే ఆపరేషన్. నేను పనిచేసిన చోట కాదు, మరోచోట. మొదట బాగా తగ్గింది. తర్వాత సగానికి పైగా తిరిగొచ్చింది. దానితోపాటు రాత్రిళ్లు గుండెల్లో మంట, గొంతులోకి పుల్లటి నీళ్లు. దిండ్లు పేర్చుకుని, వాటికి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. పగలంతా ఉద్యోగం, రాత్రంతా దగ్గు.

ఆ సర్జన్ దగ్గరికే మళ్లీ వెళ్లింది. తను తిన్నదల్లా ఒక నోటు పుస్తకంలో రాసుకునేది. తేదీ, వేళ, ఏమి తిన్నది, ఎంత తిన్నది, తిన్నాక ఎలా ఉంది, అన్నీ గీతలు కొట్టిన గళ్లలో, నీలం సిరాతో, చిన్న చిన్న అక్షరాల్లో. ఆ పుస్తకం తీసి ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని తెరవలేదు. రెండు వేళ్లతో ఆమె వైపు జరిపి, "నోరు కట్టుకోకపోతే మేమేం చేయగలమమ్మా? సరే, బైపాస్‌గా మార్చేద్దాం" అన్నారు. బయటికి వచ్చేసరికి తేదీ కాగితం చేతిలో ఉంది.

నాకు ఫోన్ చేసింది. "ఏ పరీక్షా చేయకుండా ఎలా ఒప్పుకున్నావే?" అని అడిగాను. "నేనే పాడుచేసుకున్నాను కదా అక్కా, శిక్ష కూడా నేనే పడాలి కదా" అంది.

మీరు ఆ మాట వినాలి. ఆపరేషన్‌ను శిక్ష అంది. కత్తి కిందికి రెండోసారి వెళ్తున్న మనిషి, తన కడుపులో ఏమైందో అడగలేదు, తన తప్పుకు జరిమానా కట్టడానికి బయల్దేరింది. ఇలాంటి మాటే నా క్లినిక్‌లో ఎంతమంది నోట విన్నానో చెప్పలేను. అందుకే ఇక్కడ నిలబడ్డాను.

ఆ నోటు పుస్తకాన్ని నేను చదివాను. ఒక్క పేజీ చదివితే చాలు. గట్టి పదార్థాలు తిన్న ప్రతిచోటా చివరి గడిలో 'నొప్పి', 'పట్టేసింది', 'వాంతి' అని ఉంది. మెత్తనివి, జారిపోయేవి తిన్నచోట 'బాగుంది' అని ఉంది. రానురాను గట్టివి కనబడకుండా పోయాయి, ఐస్‌క్రీము, మిల్క్‌షేకు, పాలలో నానబెట్టిన బిస్కెట్లు మిగిలాయి. అవి సన్నటి కడుపులో నిలవవు, సర్రున జారిపోతాయి, కడుపు నిండదు, బరువు మాత్రం పెరుగుతుంది. నోరు కట్టుకోలేదన్న నింద వెనుక ఉన్నది ఇదీ. నొప్పి లేకుండా మింగగలిగింది అదొక్కటే కాబట్టి అది తిన్నది. రోగ నిర్ధారణ అంతా ఆ పుస్తకంలోనే ఉంది, తెరిచి చూసేవాళ్లు లేక.

వేరే వైద్యుల దగ్గర ఎండోస్కోపీ, తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీసే బేరియం పరీక్ష చేయించాం. మొదటి ఆపరేషన్‌లో కడుపు పైభాగం కొంత మిగిలిపోయి సంచిలా ఉబ్బి ఉంది. పైగా ఆ భాగం జారి ఛాతీలోకి ఎక్కింది, హయాటల్ హెర్నియా. అన్నవాహిక కింది కొసలో పుండ్లు. రక్త పరీక్షలో ఇనుము, బి12 రెండూ తక్కువ. ముందు ఆ లోటు పూడ్చారు, నెలల తరబడి. ఆ తర్వాతే ఆపరేషన్. హెర్నియా సరిచేశారు, మిగిలిన సంచి తీసేశారు, స్లీవ్‌ను బైపాస్‌గా మార్చారు.

చివరికి చేసింది బైపాసే కదా, మొదటాయన చెప్పిందీ అదే కదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. మొదటాయన చెప్పిన బైపాస్ బరువు కోసం, ఏమీ చూడకుండా, రక్తహీనత ఉన్న మనిషికి. రెండోసారి జరిగింది మంట కోసం, కారణం తెలిసి, ఒంట్లో శక్తి చేకూరాక. "మంట తగ్గుతుంది, బరువు కొంత తగ్గవచ్చు, మొదటిసారి తగ్గినంత తగ్గుతుందని ఆశపెట్టుకోకండి" అని ఆ వైద్యురాలు ముందే చెప్పింది. అలాగే జరిగింది. బరువు ఆమె కోరుకున్న అంకెకు రాలేదు. ఆమెకు ఇప్పుడు దానితో తగాదా లేదు.

ఇందాక రాసుకొచ్చిన కాగితంలో చరిత్ర కూడా ఉంది, దాన్ని వదలలేను, ఎందుకంటే రెండో ఆపరేషన్ అనేది రోగుల తప్పిదం వల్ల పుట్టలేదని అందులో తెలుస్తుంది. 1954లో క్రెమెన్, లిన్నర్ అనే అమెరికన్ వైద్యులు చిన్నపేగులో చాలా భాగాన్ని పక్కకు తప్పించే పద్ధతిని ప్రచురించారు. ఆ తరహా ఆపరేషన్లతో బరువు తగ్గింది గానీ కాలేయం దెబ్బతినడం, మూత్రపిండాల్లో రాళ్లు రావడం మొదలైంది. ఎంతోమందికి మళ్లీ పొట్ట తెరిచి పేగును యథాస్థితికి తేవలసి వచ్చింది. 1966లో అమెరికాలోని అయోవాలో మేసన్, ఇటో అనే వైద్యులు గ్యాస్ట్రిక్ బైపాస్‌ను పరిచయం చేశారు. తర్వాత కడుపు చుట్టూ బ్యాండు వేసే పద్ధతి ఎంతో ప్రచారం పొందింది, ఆ బ్యాండ్లలో ఎన్నో జారిపోయి, లోపలికి కోసుకుపోయి, తీసేయవలసి వచ్చాయి. ఇక స్లీవ్ సంగతి. బాగా ఎక్కువ బరువుండి పెద్ద ఆపరేషన్‌కు తట్టుకోలేనివాళ్లకు దాన్ని మొదటి విడతగా చేసేవారు. కొంత బరువు తగ్గాక పేగును తప్పించే పని రెండో విడతలో చేయాలన్నది ఏర్పాటు. మొదటి విడతతోనే చాలామంది బాగా తగ్గడంతో అదే సొంతంగా ఒక ఆపరేషన్‌గా నిలబడింది. అంటే స్లీవ్ తర్వాత మరొకటి అవసరం కావడం ఆ పద్ధతి పుట్టుకలోనే ఉంది. అందులో తలదించుకోవలసింది ఏముంది?

ఇప్పుడు నష్టాలు. రెండోసారి పొట్టలోకి వెళ్లినప్పుడు కణజాలం మొదటిసారి ఉన్నట్టు ఉండదు. పేగులు, కాలేయం, కడుపు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కుట్లు వేసే చోట రక్త ప్రసారం తగ్గి ఉండవచ్చు. అందుకే కుట్ల దగ్గర లీకు, రక్తస్రావం, చీము పట్టడం వంటి చిక్కులు మొదటి ఆపరేషన్ కంటే ఎక్కువ. తగ్గే బరువు సాధారణంగా తక్కువ. ఎక్కువ తగ్గాలని పేగును మరింత పొడవు తప్పించే డ్యుయోడినల్ స్విచ్ వంటివి ఎంచుకుంటే మాంసకృత్తులు, ఎ, డి, ఇ, కె విటమిన్లు సరిగా ఒంటబట్టవు. జీవితాంతం మాత్రలు, జీవితాంతం రక్త పరీక్షలు. మొదటి ఆపరేషన్ తర్వాత విటమిన్ మాత్రలు వేసుకోవడం మానేసినవాళ్లు ఈ సంగతి మరీ జాగ్రత్తగా వినాలి. బైపాస్ అయ్యాక పొగ తాగినా, ఒళ్లు నొప్పుల మాత్రలు ఇష్టానుసారం వాడినా కడుపును పేగుతో కలిపిన అతుకు దగ్గర పుండ్లు పడవచ్చు. మద్యం త్వరగా తలకెక్కుతుంది, అలవాటు ముదిరే ప్రమాదమూ ఎక్కువే. ఇక ఎవరికైనా రోజుల తరబడి వాంతులు అవుతుంటే, నడక తూలుతుంటే, చూపు తేడాగా ఉంటే, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బి1 విటమిన్ లోటు మెదడును శాశ్వతంగా దెబ్బతీయవచ్చు. ఆ విషయంలో రేపు చూద్దామనుకోవద్దు.

కత్తి లేని దారులు కూడా చెప్పాలి. మీరు వాడుతున్న మందుల చీటీ ఒకసారి వైద్యులకు చూపండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మానసిక చికిత్సలో వాడే కొన్ని మందులు బరువు పెంచుతాయి. మందులు మార్చగానే ఆపరేషన్ ఆలోచన అవసరం లేకుండా పోయినవాళ్లు నాకు తెలుసు. అయితే మీ అంతట మీరు ఏ మందూ ఆపకండి. ఆకలిని తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి. 2023లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత తగినంత తగ్గనివారికి 24 వారాలు లిరాగ్లుటైడ్ అనే అలాంటి ఇంజెక్షన్ ఇస్తే సగటున దాదాపు 9 శాతం బరువు తగ్గింది. మందు లేని సూది తీసుకున్నవాళ్లలో ఒక శాతం కూడా తగ్గలేదు. ఈ మందులు ఆపితే బరువు తిరిగి రావడం మామూలే, ఖర్చు ఎక్కువే. అయినా రెండోసారి కోత పెట్టించుకునే ముందు ఈ సంగతి అడిగి తీరాలి.

నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. ఇంకొక్క మాట చెప్పి దిగుతాను, ఇది క్లినిక్‌లు నడిపేవాళ్లకు. అయ్యా, అమ్మా, క్లినిక్‌లలో బరువు తూచే యంత్రాన్ని వరండాలోంచి తీసి గదిలో పెట్టండి. మా చెల్లెలు ఆ యంత్రం ఎక్కే ముందు చెప్పులు, చేతి గడియారం, చెవిపోగులు, చివరికి జడలోని క్లిప్పు కూడా తీసేది. అన్నీ తీసి, గుప్పిట్లో పట్టుకోకుండా కుర్చీలో పెట్టి, ఊపిరి బిగబట్టి ఎక్కేది. ఆ అంకెను అటు చివరన ఉన్న గుమాస్తాకు వినిపించేలా గట్టిగా చదివేవారు. క్యూలో ఉన్న అందరూ తిరిగి చూసేవారు. అలా చదివిన చోటికి మళ్లీ రావడానికి ఎవరికి మనసొప్పుతుంది? బరువు పెరగడం మొదలైనవాళ్లు ఎందుకు రావడం మానేస్తారని సభల్లో చర్చిస్తారు. వరండాలో ఒక గంట నిలబడి చూడండి, తెలుస్తుంది. కుర్చీలకు చేతులు లేనివి కొన్ని వేయించండి. దీనికి పరిశోధన అవసరం లేదు.

కుటుంబ సభ్యులారా, దయచేసి వాళ్ల ముద్దలు లెక్కపెట్టకండి. తోడుగా వైద్యుడి గదిలోకి వెళ్లండి. వాళ్లు అడగలేని ప్రశ్న మీరు అడగండి.

మీరందరూ ఇక్కడి నుంచి వెళ్లాక చేయవలసిన పని ఒకటుంది. మొదటి ఆపరేషన్ జరిగిన చోటికి వెళ్లి ఆపరేషన్ నోట్ అడిగి తీసుకోండి. డిశ్చార్జి సమ్మరీ సరిపోదు. ఏ పద్ధతి చేశారు, కడుపు ఎంత మిగిల్చారు, పేగు ఎంత పొడవు తప్పించారు, హెర్నియా కనబడిందా, కుట్టారా, ఇవన్నీ దానిలోనే ఉంటాయి. అది లేకుండా రెండో సర్జన్ చీకట్లో తడుముకోవలసిందే. నకలు ఇవ్వమంటే ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి. దాన్ని పట్టుకుని, ఎండోస్కోపీ రిపోర్టు, రక్త పరీక్షలు, మందుల చీటీ జతచేసి వెళ్లండి. తిన్నది రాసుకునే పుస్తకం ఉంటే అదీ పట్టుకెళ్లండి, తెరిచి చదివేదాకా కుర్చీలోంచి లేవకండి. "నా మొదటి ఆపరేషన్ ఫలితం ఇలా ఎందుకు వచ్చింది?" అని అడగండి. దానికి జవాబు చెప్పకుండా తేదీ ఇస్తే ఆ తేదీ తీసుకోకండి.

నా తర్వాత మాట్లాడే డాక్టరు గారు ఇలాంటి ఆపరేషన్లు చేసేవారే. ఈ ప్రశ్న మీ తరఫున భోజన విరామంలోనే ఆయన్ను అడిగి ఉంచాను. జవాబు చెబుతానన్నారు. మీ పుస్తకాలు, కలాలు తీసి ఉంచుకోండి. నమస్కారం.