వానల్లో కొండ కాలదు

శ్రోతలకు నమస్కారం. నేను చారిత్రక నవలలు రాస్తాను. పుట్టి పెరిగింది విశాఖపట్నంలోనే అయినా రాసేదంతా మన్యం గురించే. ఈ పనిలో ఇరవై ఏళ్లు గడిచాయి. ఈ పని నాకు నిజంగా నేర్పింది ఒక తప్పు. ఈ పూట దాని గురించి చెబుతాను.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర, వాళ్ల వెంట మన్యం జనం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. నా మొదటి నవల అక్కడే మొదలవుతుంది. పోడు కోసం తగలబెట్టిన కొండ, ఆ పొగలోంచి దిగివస్తున్న మనుషులు, అలా రాశాను.

అచ్చుకి ఇచ్చే ముందు చింతపల్లి దగ్గర ఒక ఊళ్లో ఆ పేజీలు చదివి వినిపించాను. చోళ్లు చెరుగుతున్న ఒక పెద్దావిడ చేట ఆపి, "వానల్లో కొండ ఎలా కాల్తాది బాబూ?" అంది.

నిజమే కదా. చలికాలం చివర చెట్లు కొడతారు, ఎండల్లో కాలుస్తారు, తొలకరికి విత్తుతారు. ఆగస్టులో కొండంతా పచ్చగా, తడిగా ఉంటుంది. మరి ఆ నెలలో మీరేం చేస్తారమ్మా అని అడిగాను. "కలుపు తీస్తాం. తిండికి టెంకలే" అంది.

మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడి ఎండబెట్టి, వగరు పోయేదాకా నీళ్లలో నానబెట్టి, అంబలి కాచుకుంటారు. పాత గింజ అయిపోయి, కొత్త పంట ఇంకా చేతికి రాని రోజులవి. ఆ రోజుల్లో అడవే వాళ్ల గాదె. 1882 అటవీ చట్టం ఆ గాదెకి తాళం వేసింది. చింతపల్లి మీదికి దిగిన మనుషుల ఇళ్లలో ఆ పూట పొయ్యి మీద ఏముందో ఊహించుకున్నాక నా నవల మొత్తం తిరగరాశాను. పొగ పోయింది, అంబలి కుండ వచ్చింది.

మంచు చూడడానికి మనం నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా వెళ్తాం. ఆ దారి వేసింది చాలీచాలని కూలికి గూడెం మన్యం వాళ్లు. బలవంతపు చాకిరీ చేయించిన తహసీల్దారు బాస్టియన్ మీద కోపం కూడా ఆ తిరుగుబాటులో ఉంది.

సర్కారు కాగితాల్లో దీని పేరు ఫితూరీ. ఎన్ని తుపాకులు పోయాయో అందులో రాశారు. ఏ ఇంట్లో ఏం తిన్నారో రాయలేదు, ఆడవాళ్ల మాట దాదాపు వినిపించదు. తరిమినవాళ్లు రాసిన కాగితాలు మరి! అందుకే నేనొక కట్టుబాటు పెట్టుకున్నాను. కాగితంలో ఉన్న తేదీ మార్చను. కాగితంలో లేని మనిషిని కల్పిస్తాను. కానీ ఆ మనిషి ఏం తింటాడు, ఏ దేవతకి మొక్కుతాడు, ఏ భాషలో ఏడుస్తాడు అన్నది ఊహ మీద వదలను. బగత, కొండదొర, కోయ, కోందు, అందరినీ 'గిరిజనులు' అని ఒక్క మాటలో ముద్ద చేయడం కూడా మానేశాను. కువి మాట్లాడే ఇంట్లో పుస్తకాల తెలుగు వినిపిస్తే ఆ పేజీ అబద్ధమే.

కథని 1924 మే 7న, సీతారామరాజు మరణంతో ముగించడం మనకి అలవాటు. మల్లుదొర అండమాన్ జైలుకి వెళ్లాడు. తిరిగొచ్చి, 1952లో మన విశాఖపట్నం నుంచే లోక్‌సభకి గెలిచాడు. ఇప్పుడు నేను రాస్తున్నది ఆయన గురించే.

మొదటి మూడు అధ్యాయాలు అయ్యాయి. వచ్చే వారం పట్టుకుని మళ్లీ ఆ ఊరు వెళ్తున్నాను. ఆ పెద్దావిడ ఇప్పుడు లేదు. ఆవిడ మనవరాలు డిగ్రీ చదువుతోంది, తనూ కథలు రాస్తోంది. పేజీలు తనే చదువుతానని, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటానని ఫోన్‌లో చెప్పింది.