పలాస జీడి యూనిట్ ఎక్కడ దెబ్బతింటుంది, మళ్ళీ ఎలా నిలబడుతుంది

[తెర మీద: కాశీబుగ్గ బజారు, వరసగా జీడిపప్పు దుకాణాలు]

నమస్తే అండి. సరుకు బాగుంది, ఆర్డర్లు ఉన్నాయి, మిషన్లు తిరుగుతున్నాయి. అయినా ఒకరోజు యూనిట్‌కి తాళం పడింది. పలాస వైపు ఎవరినడిగినా ఇలాంటి కథ ఒకటి చెప్తారు. ఇది ఎలా జరుగుతుందో, జరిగాక ఏం చెయ్యొచ్చో ఈ వీడియోలో చూద్దాం.

ముందు డబ్బు ఎలా తిరుగుతుందో తెలియాలి. ఉద్దానం తోటల్లో పిక్కలు, అంటే పప్పు తీయని జీడి గింజలు, దిగేది ఎండాకాలంలోనే. ఏడాదంతా మిషన్లు నడవాలంటే అవి చాలవు, ఆఫ్రికా పిక్కలు కూడా కొనాలి. పప్పుకి మంచి గిరాకీ మాత్రం దసరా, దీపావళికి. అంటే ఏప్రిల్‌లో పెట్టిన డబ్బులో చాలా భాగం అక్టోబర్ దాకా బస్తాల్లోనే ఉండిపోతుంది. ఈలోగా బాయిలర్‌కి, కరెంటుకి, పీలింగ్, గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళ కూలికి చేతిలోంచి పెడుతూనే ఉండాలి.

[తెర మీద: పలక, సుద్దముక్కతో లెక్క]

ఒక లెక్క వేద్దాం. ధరలు రోజూ మారతాయి కాబట్టి ఇవి ఉదాహరణకి అనుకున్న అంకెలే. 80 కిలోల పిక్కల బస్తా 12,000 రూపాయలు. అందులో 20 కిలోల పప్పు వచ్చిందనుకోండి. కిలోకి పిక్క ఖర్చే 600. తయారీ ఖర్చు 80 వేసుకుంటే మొత్తం 680. గ్రేడ్లన్నీ కలిపి సగటున 720కి అమ్మితే కిలోకి 40 రూపాయల లాభం. బాగానే ఉంది కదా.

ఇప్పుడు ఆ సరుకు అరువు మీద వెళ్ళింది. బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితి అయిపోయింది కాబట్టి పెట్టుబడి బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. 680 మీద నెలకి 13 రూపాయల 60 పైసలు. మూడు నెలలకి 40 రూపాయల 80 పైసలు.

లాభం మొత్తం పోయి, ఇంకా 80 పైసలు ఎదురు పడింది. మూడు నెలలకే ఇలా. పిక్క గోదాములో పడున్న నెలలు ఇందులో కలపలేదు. నాలుగో నెల నుంచి పెట్టుబడి కరుగుతుంది, పుస్తకంలో మాత్రం లాభమే కనిపిస్తుంది. నన్నడిగితే ఈ వ్యాపారంలో మనుషుల్ని దెబ్బతీసేది ఈ మూడో నెలే. రేటు పడిపోతే అందరికీ తెలుస్తుంది. ఇది పక్కవాళ్ళకే కాదు, ఒక్కోసారి ఇంట్లోవాళ్ళకి కూడా తెలియదు.

[తెర మీద: కూలిన జీడి, కొబ్బరి చెట్లు]

దీని మీద తుపాను కూడా వచ్చిందనుకోండి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. దసరాకి దాదాపు వారం ముందు. ఉద్దానంలో తోటలకి తోటలే నేలకూలాయి. జీడి అంటుమొక్క నాటితే కాపుకి మూడు నాలుగేళ్ళు, కొబ్బరికి ఇంకా ఎక్కువ. 2013లో పైలిన్, 2014లో హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబర్‌లోనే. గోదాములు నిండుగా ఉండే నెలలోనే మనకి తుపాన్లు వస్తాయి. అందుకే ఇన్సూరెన్స్ కాగితం సెప్టెంబర్‌లోనే తీసి చదవమంటాను.

ముఖ్యంగా రెండు చోట్ల చదవండి. సరుకు ఎంతకి రాశారు? 40 లక్షల సరుకుని 20 లక్షలకే రాస్తే, 10 లక్షలు తడిసినప్పుడు మామూలుగా అందులో సగమే లెక్క కడతారు. రెండోది, అడ్రస్. మీరు అద్దెకి తీసుకున్న రెండో గోదాము పాలసీలో లేకపోతే అక్కడి సరుకుకి పైసా రాకపోవచ్చు.

ఇక బాకీలు. మీది సూక్ష్మ లేదా చిన్న యూనిట్ అయి, ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా కేంద్ర ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు) ఉంటే, 2006లో చిన్న పరిశ్రమల కోసం వచ్చిన ఎంఎస్ఎంఈ చట్టం మీ వైపు ఉంది. కొన్నవాళ్ళు ఒప్పందం ఉన్నా సరే 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టొచ్చు. సరుకు కొన్న పార్టీతో సంబంధం చెడుతుందని చాలామంది వెనకాడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆరు నెలలుగా ఫోన్ ఎత్తని పార్టీతో మిగిలిన సంబంధం ఏమిటి? రిజిస్ట్రేషన్ మాత్రం సరుకు పంపకముందే ఉండాలి.

[తెర మీద: బ్యాంకు పాస్‌బుక్, క్యాలెండర్]

బ్యాంకు లోను కిస్తీ తప్పింది. ఇప్పుడేం చేయాలి? చాలామంది ఇక్కడే ఫోన్ ఆపేస్తారు. టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర ఉండదు, పగలు బ్యాంకు మెట్లు ఎక్కబుద్ధి కాదు. అలా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది, ఆ తర్వాత తాకట్టు ఆస్తి మీదకి నోటీసు వస్తుంది. చిన్న యూనిట్ల కోసం 2015లో పునరుద్ధరణ విధానం ఒకటి వచ్చింది. 25 కోట్ల లోపు లోనులకి అది వర్తిస్తుంది. వ్యాపారం గాడి తప్పుతోందని అనిపించగానే దానికింద దరఖాస్తు మనమే పెట్టుకోవచ్చు. గడువు పెంచాలా, ఇంకొంత లోను ఇవ్వాలా అన్నది బ్యాంకు వేసిన కమిటీ చూస్తుంది. ఖచ్చితంగా ఇస్తారని చెప్పను. కానీ 30వ రోజున అడిగినవాళ్ళకి ఉన్న దారులు 100వ రోజున ఉండవు. బ్యాంకుకి వెళ్ళేటప్పుడు రావాల్సిన బాకీల లిస్టు పట్టుకెళ్ళండి, పేరు, బిల్లు తేదీ, మొత్తంతో సహా.

నూటికి రెండు వడ్డీకి ఇంకో అప్పు తెచ్చి ఈ కిస్తీ కట్టడం మాత్రం వద్దండి. చాలామందికి ఇల్లు చేజారేది ఆ అప్పుతోనే. సొంత పేరు మీద నడిపే యూనిట్‌లో వ్యాపారం అప్పు, ఇంటి అప్పు చట్టం దృష్టిలో ఒకటే.

[తెర మీద: బాయిలర్ నుంచి ఆవిరి, పీలింగ్ బల్లల దగ్గర ఆడవాళ్ళు]

పెట్టుబడి పోయినా షెడ్డు, బాయిలర్, పని తెలిసిన మనుషులు మిగిలినవాళ్ళకి జాబ్ వర్క్ ఉంది. పిక్కలు వేరేవాళ్ళవి, మీరు పప్పు తీసిచ్చి కూలి తీసుకుంటారు. మిగిలేది తక్కువే. కానీ పిక్కలకి అప్పు చేయక్కర్లేదు, రేటు పడితే నష్టం మీది కాదు. అది నడవాలంటే పాత కూలీలు తిరిగి రావాలి. కాబట్టి మూసేటప్పుడు చేతిలో కాస్త డబ్బుంటే ముందు వాళ్ళ బకాయిలు తీర్చండి. అది న్యాయం కూడా. గుండు పప్పు, అంటే ముక్కలు కాని పూర్తి పప్పు, విరగకుండా తీసే చేతులు మళ్ళీ దొరకాలంటే ఏళ్ళు పడుతుంది.

పాత బిల్లుల కట్ట ఒకసారి విప్పండి. రావాల్సిన బాకీకి కోర్టుకి వెళ్ళే గడువు మామూలుగా మూడేళ్ళు. ఆ గడువు దగ్గర పడుతున్న బిల్లులు పక్కకి తీసి, ఈ వారంలోనే లాయర్‌కి చూపించండి.