ఎయిర్ ఫ్రయర్‌లో స్టఫ్డ్ మష్రూమ్స్: కొత్తిమీర ఎగిరిపోయింది!

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఫ్యాన్‌తో వేడిగాలి తిప్పి వండే ఈ ఎయిర్ ఫ్రయర్ కంపెనీవాళ్లు ఉచితంగా పంపిందే. ఎన్ని లీటర్లు, ఎన్ని వాట్లు అన్నవి ఈపాటికే వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను మాత్రం దీంట్లో వారం రోజులుగా స్టఫ్డ్ మష్రూమ్స్ మీదే పడ్డాను.

200 గ్రాముల బటన్ మష్రూమ్స్ ప్యాకెట్ తీసుకున్నా. కాడ పట్టుకుని మెల్లగా కదిపితే ఊడొస్తుంది. పారేయకండి. సన్నగా తరిగి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, వెల్లుల్లితో తడి ఆరేదాకా వేయించి, చల్లారాక పనీర్ తురుము కలిపా. గుత్తివంకాయకి కూరినట్టు కూరి, పైన కొత్తిమీర చల్లి, 180 డిగ్రీల్లో 12 నిమిషాలు పెట్టా.

ఐదో నిమిషానికే మాడు వాసన! బుట్ట లాగి చూస్తే మష్రూమ్స్ మీద ఒక్క ఆకు లేదు. కొత్తిమీరంతా ఎగిరిపోయి పైన కాయిల్‌కి అతుక్కుంది. రెండు మష్రూమ్స్ ఒరిగిపోయి కూరంతా కక్కేశాయి. పిజ్జాకో బటన్, కేకుకో బటన్, చేపకో బటన్ పెట్టారు కదా, ఆ ఫ్యాన్ స్పీడు తగ్గించడానికి ఒక్కటి పెట్టలేకపోయారా? నా పాత ఓటీజీలో (మామూలు కరెంటు ఓవెన్‌లో) ఈ గాలిగోల లేదు. నెమ్మదిగానే అయినా పైన చక్కగా ఎర్రబడేది.

ఒక్కటి మెచ్చుకోవాలి. మష్రూమ్‌లో 90 శాతం పైగా నీళ్లే. మొదటిసారి ఆ నీళ్లన్నీ గుంటలో చేరి, కూర కాస్తా పులుసైంది. రెండోసారి ఉప్పు వేయకుండా, ఖాళీ మష్రూమ్స్‌ని బోర్లించి ఐదు నిమిషాలు ఫ్రయర్‌లో పెట్టా. నీళ్లు బుట్ట చిల్లుల్లోంచి కిందికి కారిపోయాయి. అప్పుడు కూరలో చెంచాడు పుట్నాలపొడి కలిపి, వేలితో గట్టిగా అదిమి పెట్టా. కొత్తిమీర మాత్రం దించాకే చల్లా. ఈసారి కుదిరింది.

కుదిరిందని ఊరుకున్నానా? మర్నాడు అమ్మ ఇచ్చిన ఇనప గుంతపొంగనాల పెనం తీశా. గుంటకో మష్రూమ్, చుక్క నూనె, మూత. ఒక్కటీ ఒరగలేదు. చివర్లో మూత తీసి మిగిలిన నీళ్లు ఇగరనిస్తే అడుగు కరకరలాడింది. ఇంట్లోవాళ్లు రెండో వాయి అడిగింది పెనంలోవే.

కాబట్టి మష్రూమ్స్ కోసమైతే ఈ ఎయిర్ ఫ్రయర్ కొనకండి. నిన్నటి గారెలు వేడిచేసుకోవడానికి బాగుంది. పోనీ అప్పడాలైనా కాల్చుకుందామని పెట్టా. అవీ ఎగిరాయి.