బీమా కార్డు చేతికొచ్చాక ఏమైంది?

మిత్రులారా,

వైద్య సంస్కరణ చేపట్టిన రాష్ట్రం ఎంత ముందుకెళ్లిందో తేల్చాలంటే మనం ముందుగా అడిగేది, ఎంతమందికి బీమా అందిందని. అడగాల్సిందే. కానీ అక్కడితో ఆగిపోతే అసలు సంగతి తెలియదు. అమెరికాలోని మసాచుసెట్స్‌నే చూడండి.

2006 ఏప్రిల్ 12న గవర్నర్ మిట్ రామ్నీ అక్కడి ఆరోగ్య బీమా చట్టంపై సంతకం చేశారు. ఆయన రిపబ్లికన్, శాసనసభ డెమొక్రాట్లది. అయినా కలిసి పనిచేశారు. స్తోమత ఉన్న పెద్దలంతా బీమా తీసుకోవాలి, లేదంటే జరిమానా. ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రభుత్వం తోడ్పడుతుంది. కొన్నేళ్లకే బీమా లేనివారి శాతం దేశంలోకెల్లా తక్కువకు దిగింది. 'ఒబామాకేర్' అని పేరుపడ్డ 2010 నాటి అమెరికా జాతీయ చట్టానికి ఇదే నమూనా.

మరి మనుషులు బతికారా? నా మటుకు ఇదే పెద్ద ప్రశ్న. 2014లో వెలువడిన ఒక అధ్యయనం మసాచుసెట్స్ కౌంటీలను (మన జిల్లాల్లాంటివి), అలాంటి పరిస్థితులే ఉన్న ఇతర రాష్ట్రాల కౌంటీలతో పోల్చి చూసింది. 20 నుంచి 64 ఏళ్ల వారిలో మరణాలు 2.9 శాతం తగ్గాయని లెక్కగట్టింది. అంటే కొత్తగా బీమా పొందిన దాదాపు 830 మందిలో ఏడాదికి ఒక ప్రాణం నిలిచినట్టు. ఇది అంచనాయే, కాదనను. అయినా ఎన్ని కార్డులిచ్చారన్న లెక్క కంటే ఈ లెక్కకే నేను ఎక్కువ విలువిస్తాను. ఎందుకంటే ఇది కార్డుల్ని కాదు, మనుషుల్ని లెక్కపెట్టింది.

ఇక ఖర్చు. రాష్ట్రం తడబడింది ఇక్కడే. ముందు అందరికీ బీమా, ధరల సంగతి తర్వాత అనుకున్నారు. ఆ 'తర్వాత' రావడానికి ఆరేళ్లు పట్టింది. 2012 చట్టం వైద్య ఖర్చు ఏటా ఎంతవరకు పెరగవచ్చో ఒక లక్ష్యం పెట్టింది. మొదటి ఐదేళ్లకు అది 3.6 శాతం. గీత దాటిన ఆసుపత్రిని దిద్దుబాటు ప్రణాళిక ఇమ్మని అడిగే అధికారం ఒక కమిషన్‌కు ఇచ్చింది. ఆ అధికారాన్ని తొలిసారి వాడింది 2022లో! మాట వినకపోతే వేయగల గరిష్ఠ జరిమానా 5 లక్షల డాలర్లు. వందల కోట్ల డాలర్ల ఆదాయమున్న ఆసుపత్రి వ్యవస్థలు దానికి బెదురుతాయా?

ఈలోగా భారం మోసింది రోగులే. బీమా ఉండి కూడా, ముందుగా తమ జేబులోంచి కట్టాల్సిన మొత్తానికి జడిసి చికిత్స వాయిదా వేసుకున్నవాళ్లు అక్కడ ఉన్నారు. ప్రగతి నివేదికలో వీళ్లు 'బీమా ఉన్నవారు' అన్న గడిలోనే కనిపిస్తారు. అందుకే నా డిమాండ్ ఒక్కటే: డబ్బు లేక వైద్యం మానుకున్నవారి సంఖ్యను విడిగా, బీమా శాతం పక్కనే, ఏటా ప్రకటించాలి.