జింక నిలబడేది వంద గజాల్లో: తూటా ఎంచుకోవడం గురించి కొన్ని మాటలు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే లేచి ఆస్టిన్ నుంచి ఇంత దూరం వచ్చినందుకు చాలా సంతోషం. మీలో చాలామంది టెక్సస్ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేశారు, కొందరు ఈ నవంబరులో మొదటిసారి బ్లైండ్‌లో, అంటే జింకకి కనపడకుండా దాక్కునే మాటులో, కూర్చోబోతున్నారు. అసలు విషయంలోకి వెళ్లేముందు వీసా మీద ఉన్నవాళ్లకి ఒక్క మాట. హెచ్‌1బి లాంటి వీసాలో ఉన్నవాళ్లకి తుపాకి మీదే కాదు, తూటాల మీద కూడా ఫెడరల్ చట్టం నిషేధం ఉంది, దానికి ఉన్న మినహాయింపుల్లో ముఖ్యమైనది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. కాబట్టి లైసెన్స్ చేతికి వచ్చాకే దుకాణానికి వెళ్లండి, దాని గడువు ఎప్పుడు ముగుస్తుందో కూడా చూసుకోండి.

నాకు ప్రతి ఏడాదీ ఫోన్లు వస్తాయి, "అన్నా, ఏ రైఫిల్ కొనాలి, ఏ స్కోప్ పెట్టాలి" అని. తూటా గురించి అడిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ. రెండు వేల డాలర్లు పెట్టి రైఫిల్, స్కోప్ కొని, దుకాణంలో ఏ పెట్టె అందితే ఆ పెట్టె తెచ్చుకుంటారు. రైఫిల్ మన చేతుల్లోనే ఉండిపోతుంది కదా, జింక ఒంట్లోకి వెళ్లేది పది గ్రాములు కూడా లేని ఒక లోహపు ముక్క. అది సరిగా పనిచేస్తే జింక కొన్ని క్షణాల్లో పోతుంది, చేయకపోతే రాత్రంతా పొదల్లో పడి బాధపడుతుంది. నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల అందుకే.

తూటా జింకను చంపేది ఎలాగో ముందు అర్థం చేసుకుందాం. పెట్టె మీద ఫుట్‌పౌండ్లలో శక్తి రాసి ఉంటుంది, జింకకి వెయ్యి ఫుట్‌పౌండ్లు ఉండాలని ఒక లెక్క కూడా తిరుగుతూ ఉంటుంది. దాన్ని అంతగా పట్టించుకోకండి. తూటా ముందుభాగం పుట్టగొడుగులా విచ్చుకోవాలి, విచ్చుకున్నాక కూడా ఊపిరితిత్తుల్ని దాటి అవతలి పక్క నుంచి బయటికి రావాలి. నాకు కావలసినవి ఈ రెండే. అవతలి పక్క రంధ్రం పడితే నేల మీద నెత్తురు జాడ బాగా కనిపిస్తుంది, ఊపిరితిత్తుల్లో తగిలిన జింక కూడా యాభై, వంద గజాలు పరిగెత్తడం మామూలే కాబట్టి చీకటి పడే వేళ ఆ జాడే మనకి దిక్కు.

విచ్చుకునే తూటాకి మన దేశంతో ఒక సంబంధం ఉంది. 1890ల్లో కోల్‌కతా పక్కన డమ్‌డమ్‌లోని బ్రిటిష్ ఆయుధాగారంలో ముక్కు దగ్గర లోహపు తొడుగు తీసేసి సీసం బయటికి కనిపించేలా తూటాలు చేశారు, అందుకే వాటికి ఆ ఊరి పేరే పడింది. 1899లో హేగ్ సమావేశం యుద్ధంలో అలాంటివి వాడకూడదని ప్రకటించింది. వేటలో సంగతి తలకిందులు. ముక్కు మొత్తం మూసి ఉండే సైనికుల తరహా తూటా జింకలోంచి సూదిలా దూరి పోతుంది, జంతువు వెంటనే చావదు, అందుకే చాలా రాష్ట్రాలు జింక వేటకి దాన్ని నిషేధించాయి. చవగ్గా దొరుకుతుంది కదా అని ఆ పెట్టె కొనకండి, అది కాగితం టార్గెట్‌కే.

ఇక నేను చేసిన తప్పు. ఏడేళ్ల కిందట నా దగ్గర 300 మాగ్నమ్, అంటే తూటాని మామూలుకంటే ఎక్కువ వేగంతో పంపే రైఫిల్, ఉండేది, దూరపు షాట్లకని పల్చటి తొడుగు ఉన్న, ప్లాస్టిక్ ముక్కు తూటా ఒకటి పెట్టుకున్నాను. ల్లానో కౌంటీలో ఒక సాయంత్రం ఆడ జింక నలభై గజాల్లో, నేను అనుకున్నదానికంటే చాలా దగ్గరగా వచ్చి నిలబడింది. జబ్బ ఎముక మీద కొట్టాను. అంత దగ్గర్లో ఆ తూటా ఇంకా సెకనుకి మూడు వేల అడుగులకి పైగా వేగంతో ఉంటుంది, ఎముకకి తగలగానే తునకలైపోయింది, పైన పెద్ద గాయం చేసిందే తప్ప ఛాతీ లోపలికి సరిగా వెళ్లలేదు. జింక మూడు కాళ్ల మీద దేవదారు పొదల్లోకి వెళ్లిపోయింది. రెండో తూటా వేసేదాకా గంటన్నర పట్టింది. ఆ గంటన్నర నేను ఇప్పటికీ మర్చిపోలేదు. తూటాలో లోపం లేదు, దాన్ని తయారు చేసిన పని వేరు, నేను వాడిన చోటు వేరు.

1946లో జాన్ నోస్లర్ అనే ఆయనకి కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ అనే పెద్ద దుప్పి విషయంలో ఇలాగే అయింది. ఎండిన బురద పట్టిన దాని ఒంటి మీద ఆయన మాగ్నమ్ తూటాలు లోపలికి దిగకుండా పగిలిపోయాయి. ఇంటికి వెళ్లి తూటా మధ్యలో అడ్డుగోడ ఉండే డిజైన్ చేశాడు, ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం అలాగే తోసుకుంటూ పోతుంది. అదే పార్టిషన్, ఇప్పటికీ అమ్ముతున్నారు.

ప్రకటనలన్నీ ఐదు వందల గజాల గురించి మాట్లాడతాయి. మన టెక్సస్ హిల్ కంట్రీలో ఫీడర్, అంటే జింకలకి మేత వేసే డబ్బా, వంద గజాల్లో ఉంటుంది, జింక కూడా చిన్నది. మామూలు 308 రైఫిల్‌లో 150 గ్రెయిన్ (తూటా బరువు, పది గ్రాములకి కాస్త తక్కువ) సాఫ్ట్‌పాయింట్, అంటే ముక్కు దగ్గర సీసం బయటికి కనిపించే తూటా, తీసుకోండి. పెట్టె మీద సెకనుకి 2,820 అడుగులు అని ఉంటుంది, వంద గజాల్లో సుమారు 2,530, మూడు వందల గజాల్లో సుమారు 2,010. సీసం సాఫ్ట్‌పాయింట్ చాలావరకు 1,800 దాకా విచ్చుకుంటుంది. అంటే మనం కొట్టే దూరాల్లో ఈ పాత రకం, చవక రకం తూటా హాయిగా పనిచేస్తుంది. రెమింగ్టన్ వాళ్ల కోర్‌లాక్ట్ లాంటి సాఫ్ట్‌పాయింట్లు 1939 నుంచి ఉన్నాయి, జింకల విషయంలో వాటిని తీసిపారేయకండి. మాగ్నమ్ రైఫిల్ ఉన్నవాళ్లు మాత్రం తొడుగుకి సీసాన్ని అతికించిన బాండెడ్ రకమో, పూర్తి రాగిదో తీసుకోండి, దగ్గర్లో ఎముక తగిలినా తట్టుకుంటాయి.

రాగి తూటాకి విచ్చుకోవడానికి కాస్త ఎక్కువ వేగం కావాలి, సుమారు రెండు వేలు ఉండాలనుకోండి. అందుకే అందులో తేలికది, వేగంగా పోయేది మంచిది, నేను 308లో 130 గ్రెయిన్ వాడతాను. ఇంట్లో చిన్నపిల్లలో, గర్భిణులో ఆ మాంసం తినేటట్టయితే నా ఓటు పూర్తిగా రాగికే, ఎందుకంటే సీసం తూటా విదిల్చే సన్నటి రేణువులు గాయానికి చాలా దూరం మాంసంలో ఉండిపోతాయి, కంటికి కనిపించవు. కాలిఫోర్నియాలో కాండర్ రాబందులు అలాంటి సీసం తిని చచ్చిపోతున్నాయని 2019 జులై 1 నుంచి రాష్ట్రమంతా వేటలో సీసం తూటాలు ఆపేశారు.

తూటా మంచిదో కాదో చూడటానికి లాబ్ అక్కర్లేదు. గ్యాలన్ పాల క్యాన్లలో నీళ్లు నింపి వరసగా పెట్టి, వెనక మట్టిగట్టు ఉన్న చోట కాల్చండి. దొరికిన తూటాని నగల త్రాసు మీద తూచండి. 150 గ్రెయిన్లలో 100 మిగిలితే మూడింట రెండు వంతులు, సాఫ్ట్‌పాయింట్‌కి అది బాగానే ఉన్నట్టు. నీళ్లలోనే విచ్చుకోని తూటా జింకలో విచ్చుకుంటుందని ఆశపెట్టుకోవద్దు, నీళ్లలో అందంగా విచ్చుకున్నంత మాత్రాన ఎముక దగ్గర నిలుస్తుందనీ అనుకోవద్దు. అసలు పరీక్ష చర్మం ఒలిచేటప్పుడు. లోపలికి ఎక్కడ దూరింది, పక్కటెముక తగిలిందా, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి, అవతలి రంధ్రం ఎంత, నెత్తురు గడ్డకట్టి పారేయాల్సిన మాంసం ఎంత, జింక ఎన్ని గజాలు వెళ్లింది. ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, తూటా పేరు, దూరంతో సహా. ఒక్క జింకని చూసి తూటాకి మంచిపేరో చెడ్డపేరో పెట్టకండి, నాలుగైదు అయ్యాక మాట్లాడండి.

ఒకటి నచ్చాక అదే లాట్‌లో, అంటే ఒకే విడతలో తయారైనవి, మూడు నాలుగు పెట్టెలు కొనేసి, దానితోనే రైఫిల్ జీరో చేయండి, అంటే గురిపెట్టిన చోటే తూటా తగిలేలా స్కోప్ సరిచేయండి, తూటా మారిస్తే జీరో మళ్లీ చేసుకోవాల్సిందే.

బయట మట్టిగట్టు ముందు ఆరు క్యాన్లు పెట్టి ఉంచాను, వాటి వెనక ఇంకో ఆరు ఉన్నాయి. మొదట సాఫ్ట్‌పాయింట్, తర్వాత రాగిది. చెవులకి మఫ్‌లు, కళ్లద్దాలు ఆ బల్ల మీద ఉన్నాయి, తీసుకుని రండి.