గాలి మానిటర్ కొన్నారా? ముందు స్పిరిట్ సీసా తెరవండి

నమస్కారం. బల్ల మీద రెండు గాలి మానిటర్లు ఉన్నాయి. రెండింటి తెర మీదా కార్బన్ డయాక్సైడ్ అంకె కనిపిస్తోంది. వీటి పక్కన సర్జికల్ స్పిరిట్ సీసా మూత తీస్తున్నాను. ఎడమవైపుది చూడండి, అంకె పరుగెడుతోంది. కుడివైపుది పట్టించుకోలేదు. గదిలోకి కొత్తగా ఎవరూ రాలేదు, కిటికీ కూడా తెరిచే ఉంది. మరి ఆ కార్బన్ డయాక్సైడ్ ఎక్కడి నుంచి వచ్చింది?

ఎక్కడి నుంచీ రాలేదు. ఎడమవైపుది కొలవడం లేదు, ఊహిస్తోంది. అందులో ఉన్నది రసాయన ఆవిర్లకు స్పందించే మెటల్ ఆక్సైడ్ సెన్సర్. మనుషులున్నచోట ఆవిర్లూ పెరుగుతాయన్న లెక్కతో ఒక అంకె అల్లి చూపిస్తుంది. వివరాల్లో 'ఈసీఓ2' (అంచనా కట్టిన కార్బన్ డయాక్సైడ్) అని చిన్న అక్షరాలు కనిపిస్తే సంగతి ఇదే. కుడివైపుది ఎన్‌డీఐఆర్ రకం. కార్బన్ డయాక్సైడ్ 4.26 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. ఆ కాంతి ఎంత తగ్గిందో చూసి ఇది లెక్క చెబుతుంది. ఫొటోఅకౌస్టిక్ అని రాసి ఉన్నా కొనవచ్చు, అదీ నిజంగా కొలిచేదే.

ఈ ఒక్క అంకె కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, బయటి గాలిలో ఇది 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 420 పాళ్ల, పైచిలుకు. గదిలో అంతకు మించి ఉన్నదంతా చాలావరకు మనం వదిలిన ఊపిరే. 1,000 దాటితే గాలి మారడం లేదని 1858లోనే జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ ఫొన్ పెటెన్‌కోఫర్ హద్దు గీశారు. తలుపులు బిగించి ఇద్దరు పడుకున్న చిన్న గదిలో తెల్లారేసరికి 2,000 దాటడం మామూలే. అయితే మానిటర్‌ను మంచం తలవైపు పెట్టకండి, మీ ఊపిరి నేరుగా తగిలి అంకె ఎగురుతుంది.

కుడివైపు దానికీ ఒక తిరకాసు ఉంది. వారం రోజుల్లో కనిపించిన అతి తక్కువ అంకెను బయటి గాలిగా భావించి తనను తాను సరిచేసుకుంటుంది. కిటికీ ఎన్నడూ తెరవని ఇంట్లో మురిగిన గాలినే మంచిదనుకుని తక్కువ చూపిస్తుంది. కాబట్టి అప్పుడప్పుడు ఆరుబయట పెట్టండి.

ఈ మానిటర్లు చూపే రెండో అంకె సన్నని ధూళి కొలత, అంటే పీఎం2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలు). అది నాకు నచ్చింది. వేపుడు మొదలుపెట్టగానే పసిగడుతుంది. గాలిలో తేమ బాగా పెరిగితే మాత్రం కణాలు ఉబ్బి, అంకె ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. 24 గంటల సగటు ఘనపు మీటరు గాలికి 15 మైక్రోగ్రాములు మించకూడదని డబ్ల్యూహెచ్‌ఓ 2021లో చెప్పింది.

అసలు ఉపయోగం ఈ రెండు అంకెలనూ కలిపి చదవడంలో ఉంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, బయట గాలి శుభ్రం: కిటికీ తెరవండి, ఖర్చు లేదు. బయట పొగ కమ్మిన రోజున కిటికీ తెరిస్తే ఒక అంకె దిగుతుంది, రెండోది ఎక్కుతుంది. అప్పుడు కాసేపే తెరిచి, మూశాక హెపా ఫిల్టరున్న (సన్నని ధూళిని పట్టే వడపోత) ప్యూరిఫయర్ నడపాలి. ప్యూరిఫయర్ ఎంత ఖరీదైనదైనా కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించలేదు. కుండీల్లో మొక్కలతోనూ పెద్దగా తగ్గదు, వాటిని అందం కోసం పెంచండి.

నవ్వే బొమ్మ, ఏడ్చే బొమ్మ మాత్రమే చూపించే మానిటర్లు వద్దు. అంకె కావాలి. ఇంకొకటి, బల్ల మీది ఈ రెండు మానిటర్లలో ఏదీ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును విడిగా గుర్తించి చెప్పదు. ఇంట్లో గ్యాసు హీటరో, బొగ్గు కుంపటో ఉంటే దానికి వేరే అలారం కొనాల్సిందే.