ఎర్రకోటు పుట్టిల్లు: అమెరికా మెరైన్ బ్యాండ్ వేసవి కచేరీలు, రివ్యూ

నమస్కారం అండీ. కర్నూలు నుంచి మాట్లాడుతున్నాను.

మా నాయన ముప్పై ఏళ్ళుగా ఎర్రకోటు వేసుకుంటున్నాడు. పెళ్ళి బ్యాండులో క్లారినెట్ ఆయనది. భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, ఛాతీ మీద అడ్డంగా జరీ తాళ్ళు, మే నెల ఎండలో కూడా మెడ దాకా గుండీలు. చిన్నప్పుడు నేను ‘ఈ కోటు ఎందుకు నాయనా?’ అని అడిగితే ‘మిలిటరీ బ్యాండు వాళ్ళది, మనకూ వచ్చింది’ అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు. ఈ వేసవిలో నేను ఆ మిలిటరీ బ్యాండుల్లో ఒకదాని వెంట పడ్డాను. వాళ్ళదీ ఎర్రకోటే. వాషింగ్టన్‌లో ఉండే అమెరికా మెరైన్ బ్యాండ్. మెరైన్లు అంటే ఓడల మీంచి తీరానికి దిగి పోరాడే అమెరికా సైనిక దళం. వాళ్ళు వేసవిలో ఆరుబయట చేసే కచేరీల వీడియోలు వాళ్ళ యూట్యూబ్ ఛానెల్లోనే ఉన్నాయి. రాత్రి భోజనాలయ్యాక మిద్దె మీద చాప వేసుకుని, నేనూ నాయనా ఒక్కొక్కటిగా చూశాం. ఈ వీడియో వాటి గురించే.

ముందు ఆ కచేరీ ఎలా ఉంటుందో చెప్తాను. అమెరికా పార్లమెంటు భవనం, క్యాపిటల్ అంటారు కదా, దాని పడమటి వైపున బ్యాండు కూర్చుంటుంది. జనం మెట్ల మీద, గడ్డి మీద, ఇంటి నుంచి తెచ్చుకున్న కుర్చీల్లో. టికెట్ లేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇదే వరస. ఎన్నో ఏళ్ళుగా వారంలో ఒక్కో రోజు ఒక్కో దళం బ్యాండుది అన్నట్టు పంచుకున్నారు. నేవీది ఒక రోజు, ఎయిర్‌ఫోర్సుది ఒక రోజు, ఆర్మీది ఒక రోజు. మెరైన్లది బుధవారం. అక్కడ సాయంత్రం ఎనిమిదైతే మనకు మరునాడు తెల్లవారుజామున అయిదున్నర. జూన్‌లో అక్కడ ఎనిమిదింటికి కూడా ఇంకా వెలుతురు ఉంటుంది. కచేరీ మొదలైనప్పుడు ఎండపొడ ఉంటుంది, అయిపోయేసరికి చీకటి పడుతుంది. ఆ మధ్యలో ఆకాశం రంగు మారడం చూస్తూ వినడమే సగం సుఖం.

బ్యాండు పాతది. 1798 జూలై 11న అప్పటి అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ సంతకంతో పుట్టింది. 1801 కొత్త సంవత్సరం రోజున వైట్‌హౌస్‌లో మొదటిసారి వాయించింది. ‘అధ్యక్షుడి సొంత బ్యాండు’ అనే బిరుదు ఆయన తర్వాతి అధ్యక్షుడు జెఫర్సన్ ఇచ్చాడంటారు. ఎర్రకోటు సంగతి నాకు ఇక్కడే తెలిసింది. పాతకాలం సైన్యాల్లో వాద్యగాళ్ళకు సైనికుల రంగులనే తిరగేసి కుట్టేవాళ్ళు. సైనికుడి కోటు నీలం, దాని అంచులు ఎరుపు అయితే, వాద్యగాడి కోటు ఎరుపు, అంచులు నీలం. పొగలో, దుమ్ములో డప్పు మనిషి, బాకా మనిషి ఎక్కడున్నాడో అధికారికి కనబడాలి. ఎందుకంటే ఆజ్ఞలు వాళ్ళ వాయిద్యం మీదే వెళ్ళేవి. నాయనకు ఇది చెప్పినప్పుడు ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘అంటే మనం కనబడాలనే కుట్టారన్నమాట’ అన్నాడు.

ఈ మాట ఆయనకు ఎందుకు తగిలిందో నాకు తెలుసు. రెండేళ్ళ కిందట ఒక పెళ్ళిలో, ఎక్కడని చెప్పను, మధ్యాహ్నం ఒంటి గంటకు ఊరేగింపు అన్నారు. పెళ్ళికొడుకు కారు మూడింటికి వచ్చింది. ఆ రెండు గంటలూ బ్యాండువాళ్ళు రోడ్డు మీదే నిలబడ్డారు. లోపలికి వచ్చి కూర్చోమన్నవాళ్ళు లేరు, మంచినీళ్ళు ఇచ్చినవాళ్ళు లేరు. ఆ రోజు సైడ్ డ్రమ్ వాయించే కుర్రాడు కళ్ళు తిరిగి పడిపోయాడు. అందుకే ఈ కచేరీల్లో నాకు మొదట కంటికి ఆనింది వాళ్ళు కూర్చుని ఉండడం. అరవై డెబ్బై మంది ఎర్రకోట్లవాళ్ళు కుర్చీల్లో కూర్చుని వాయిస్తున్నారు, వాళ్ళ ముందు వేల మంది కదలకుండా వింటున్నారు. మన దగ్గర బ్యాండు అంటే నడుస్తూ వాయించేది, దాని ముందు జనం ఎగిరేది. కూర్చుని బ్యాండు వినడం నాకూ కొత్తే.

ఇక వాయించేవాళ్ళ గురించి. దీని మీద కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను.

ఈ బ్యాండులో చేరాలంటే తెర వెనక నిలబడి వాయించాలి. ఎవరు వాయిస్తున్నారో జడ్జీలకు తెలియదు. మగా, ఆడా, నలుపా, తెలుపా, ఏ కాలేజీలో చదివారు, ఏదీ తెలియదు. చెవికి వినబడిందే లెక్క. ఎంపికైనవాళ్ళకు స్టాఫ్ సార్జెంట్ హోదా ఇస్తారు. మెరైన్లలో అందరూ చేయాల్సిన బూట్ క్యాంప్ శిక్షణ వీళ్ళకు ఉండదు. ట్రాన్స్‌ఫర్లు ఉండవు. చేరినప్పటి నుంచి రిటైరయ్యే దాకా వాషింగ్టన్‌లోనే, పని ఒక్కటే, వాయించడం. మొదటి మహిళ మాత్రం 1973లో గానీ రాలేదు. రూత్ జాన్సన్, ఫ్రెంచ్ హార్న్ వాయించేవారు. బ్యాండు పుట్టిన 175 ఏళ్ళకు! ఇప్పటి వీడియోల్లో ఏ వరస చూసినా ఆడవాళ్ళు కనబడతారు.

మన సైన్యంలో పద్ధతి వేరు. మన మిలిటరీ సంగీతానికి పెద్ద బడి మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉంది. 1950లో జనరల్ కరియప్ప కాలంలో మొదలైంది. మన బ్యాండు జవాన్లు ముందు సైనికులు. యుద్ధం వస్తే గాయపడినవాళ్ళను స్ట్రెచర్ మీద మోసుకొచ్చే పని వీళ్ళకు అప్పజెప్తారు. జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో బీటింగ్ రిట్రీట్ టీవీలో చూసినప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకుని చూడండి. ఏది గొప్ప అనే పోలిక నేను పెట్టను. ఒకరికి సంగీతమే ఉద్యోగం, ఇంకొకరు సంగీతంతో పాటు ప్రాణాలు కూడా చేతిలో పట్టుకుని ఉంటారు.

మళ్ళీ మెరైన్ బ్యాండు దగ్గరికి వస్తే, దాని పేరు ఎత్తితే సౌసా పేరు రాకుండా ఉండదు. జాన్ ఫిలిప్ సౌసా. వాళ్ళ నాన్న ఇదే బ్యాండులో ట్రాంబోన్, అంటే గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే ఇత్తడి వాయిద్యం, వాయించేవాడు. కొడుకు సర్కస్ బ్యాండుతో పారిపోవాలని చూస్తుంటే, 1868లో, పదమూడేళ్ళ వయసులో తీసుకొచ్చి ఈ బ్యాండులో పని నేర్చుకునే కుర్రాడిగా చేర్పించాడు. ఆ కుర్రాడే 1880 నుంచి 1892 దాకా ఈ బ్యాండును నడిపించాడు. బతుకంతా కలిపి 130కి పైగా మార్చ్‌లు, అంటే కవాతు నడకకు సరిపోయే బ్యాండు బాణీలు, రాశాడు. ఈ కథ దగ్గర వీడియో ఆపి నాయన వైపు చూశాను. ఆయన్ను కూడా మా తాత పన్నెండేళ్ళకే పెద్ద డ్రమ్ము మోయడానికి తీసుకెళ్ళాడు.

సౌసా మార్చ్‌లు ఈ కచేరీల్లో ఉప్పులాంటివి. మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి, మధ్యలో ఎక్కడైనా ఒకటి. మీరు కొత్తగా వింటుంటే 1888లో రాసిన ‘సెంపర్ ఫిడెలిస్’తో మొదలుపెట్టండి. దాని మధ్యలో అన్నీ ఆగిపోయి ఒక్క డ్రమ్ములే నడుస్తాయి. వాటి మీదికి ట్రంపెట్లు వచ్చి బిగిల్ ఊదినట్టు ఒక చిన్న బాణీ ఎత్తుకుంటాయి. తర్వాత ఇంకో వరస, దాని మీద ఇంకో వరస. గోడ కట్టినట్టు, ఒక్కో రాయి పేర్చుకుంటూ పోతాడు. మన ఊరేగింపులో డ్రమ్ములు ఒక్కటే మోగుతుండగా క్లారినెట్ అందుకునే క్షణం ఉంటుంది చూడండి, ఆ ఊపే ఇది.

1896లో రాసిన ‘స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్’ ఇంకా పెద్ద పని. అమెరికా జాతీయ మార్చ్‌గా 1987లో చట్టం చేశారు. దాని ఆఖరి భాగంలో ఒకే సమయంలో మూడు నడుస్తాయి. అసలు బాణీ ఒకటి, దాని పైన పిట్ట కూతలా పికోలో, అంటే చిన్న వేణువు, అడుగున ట్రాంబోన్లు వేరే పాట. చాలాసార్లు పికోలో వాయించేవాళ్ళు లేచి ముందుకొచ్చి నిలబడి వాయిస్తారు. మన చెవి ఒక్క బాణీ వెంట వెళ్ళడానికి అలవాటు పడింది. ఇలాంటివి మొదటిసారి వింటే గందరగోళంగా ఉంటుంది. నేను చేసింది చెప్తాను. ఆ చివరి భాగాన్ని మూడు సార్లు విన్నాను. ఒకసారి బాణీ, ఒకసారి పికోలో, ఒకసారి కింద ట్రాంబోన్లు మాత్రమే పట్టించుకుంటూ. నాలుగోసారి మూడూ కలిసి వినబడ్డాయి, ఒళ్ళు జలదరించింది. హెడ్‌ఫోన్ పెట్టుకునే వినండి, ఫోను స్పీకర్లో ట్రాంబోన్లు చచ్చిపోతాయి.

ఇప్పుడు ఆరుబయట కష్టాలు. హాలులో గోడలు, కప్పు శబ్దాన్ని తిప్పి పంపిస్తాయి. ఆరుబయట అవేమీ ఉండవు, వాయించింది వాయించినట్టే గాలిలో కలిసిపోతుంది. ట్రంపెట్ నోరు ముందుకు ఉంటుంది కాబట్టి సూటిగా దూసుకుపోతుంది. క్లారినెట్ శబ్దం మాత్రం దాని రంధ్రాల నుంచే నాలుగు వైపులా చెదిరిపోతుంది. ఆర్కెస్ట్రాలో వయొలిన్లలాగా ఇలాంటి బ్యాండులో క్లారినెట్లవాళ్ళు ఎక్కువ మంది ఉంటారు. వయొలిన్ల కోసం రాసినది కూడా వీళ్ళ చేతికే వస్తుంది. రెండోది, వేడి. గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర సుమారు 355. ఊదే వాయిద్యాల శ్రుతి ఆ లెక్కన పైకి జరుగుతుంది. కర్నూలు ఎండ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. మే నెలలో నాయన క్లారినెట్ కీళ్ళ దగ్గర కొంచెం బయటికి లాగి, గొట్టం పొడుగు పెంచి వాయిస్తాడు. వాషింగ్టన్‌లో వాళ్ళు కూడా పాటకూ పాటకూ మధ్య సరిగ్గా అదే చేస్తుంటే ‘చూడు చూడు’ అని చేయి పట్టుకుని చూపించాడు. ఇంకోటి, గాలి. నొటేషన్ కాగితాలు ఎగిరిపోకుండా క్లిప్పులు పెట్టుకుంటారు, పేజీ తిప్పేటప్పుడు క్లిప్పు తీసి మళ్ళీ పెట్టాలి. ఇన్ని పనుల మధ్యలో ఒక్క స్వరం కూడా జారనివ్వరు.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి. గాయకులు వచ్చి దేశభక్తి పాటల మాలికలు పాడే భాగం నాకు పెద్దగా ఎక్కలేదు. మైకు వచ్చాక బ్యాండు వెనక్కి వెళ్ళిపోతుంది, అసలు అందం పోతుంది. కొన్ని రికార్డింగుల్లో గాలి మైకుకు కొట్టి గరగరమంటుంది. ఒక చోట మాత్రం దేశభక్తి భాగం నన్ను కదిలించింది. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్సు, ఒక్కో దళం పాట వరసగా వాయిస్తారు. ఎవరి దళం పాట వస్తే ఆ దళంలో పని చేసినవాళ్ళు ప్రేక్షకుల్లోంచి లేచి నిలబడతారు. చేతికర్ర మీద ఆనుకుని లేచే ముసలివాళ్ళు, పక్కవాళ్ళు చేయి అందిస్తే లేచేవాళ్ళు. మన జిల్లాల్లో సైన్యంలో చేసి వచ్చి ఆటో నడుపుకునేవాళ్ళు, ఏటీఎం దగ్గర కాపలా ఉండేవాళ్ళు ఎంతమంది! వాళ్ళకు లేచి నిలబడే సాయంత్రం ఒకటి ఉంటే ఎంత బాగుంటుంది.

మనకు బ్యాండు లేదా అంటే ఉంది. 2014 ఆగస్టు 15న రాష్ట్రం విడిపోయాక మొదటి స్వాతంత్ర్య దినం ప్రభుత్వం కర్నూలులోనే జరిపింది, ఏపీఎస్పీ, అంటే ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీసు, రెండో బెటాలియన్ మైదానంలో. పోలీసు బ్యాండు వాయించింది. పాతకాలంలోకి వెళ్తే ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు కోటలో ఇంగ్లీషువాళ్ళ బ్యాండు విని, ఆ బాణీలకు సంస్కృతంలో సాహిత్యం కట్టారు. నొట్టుస్వరాలు అంటాం కదా, అవే. మన పెద్దవాళ్ళే చెవి ఇచ్చి విన్న సంగీతం ఇది. పోలీసు బ్యాండు వేసవిలో వారానికి ఒక్క సాయంత్రం కొండారెడ్డి బురుజు ముందు కుర్చీలు వేసుకుని కూర్చుని వాయిస్తే, నేను ప్రతి వారం మొదటి వరసలో ఉంటాను. సంబంధించినవాళ్ళు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే ఈ మాట నా మనవిగా తీసుకోండి.

బ్యాండు వాయించేవాళ్ళకు ఒక ముఖ్యమైన సంగతి. మెరైన్ బ్యాండ్ 2015 నుంచి సౌసా మార్చ్‌లన్నీ ఒక వరసలో మళ్ళీ రికార్డు చేస్తూ, నొటేషన్‌తో సహా తన వెబ్‌సైట్లో ఉచితంగా పెట్టింది. ప్రతి వాయిద్యానికీ విడి కాగితం ఉంటుంది. డౌన్‌లోడ్ చేసుకోండి.

నేను ‘సెంపర్ ఫిడెలిస్’ క్లారినెట్ కాగితాలు ప్రింటు తీయించాను. నాయనకు ఇంగ్లీషు నొటేషన్ రాదు, విని వాయించడమే. మా వీధిలో పోలీసు బ్యాండులో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఉన్నారు, ఆయనకు వచ్చు. ఇది ఆషాఢం, పెళ్ళిళ్ళు లేవు. రోజూ సాయంత్రం ఏడింటికి ఇద్దరూ మా మిద్దె ఎక్కుతున్నారు. పెద్దాయన సరిగమల్లోకి మార్చి చెప్తాడు, నాయన పట్టుకుంటాడు. మొదటి పేజీ వచ్చేసింది. డ్రమ్ముల తర్వాత ఎత్తుకునే చోట ఇంకా రెండు స్వరాలు తడబడుతున్నాయి. ఆ రోజు పెళ్ళిలో పడిపోయిన డ్రమ్ము కుర్రాడిని రేపటి నుంచి రమ్మన్నారు.